పళ్ళమాస్టారి గిటార్

మా బావ కుడి అరచేతి అంచున, చిటికెనవేలికి దిగువగా, ఎప్పుడూ ఒక బ్యాండేజీ ముక్క అంటించి ఉండేది. కొత్తవాళ్ళెవరైనా చూసి ఏమైందని అడిగితే, గిటార్ కరిచిందని చెప్పేవాడు. పళ్ళు తయారుచేసే మనిషి నోట ఆ మాట విని నవ్వాలో జాలిపడాలో తెలియక, అడిగినవాళ్ళు టీకప్పులోకి చూసుకునేవారు.

బావ పని నిజంగానే పళ్ళు తయారుచెయ్యడం. పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రి వెనక ఒక పొడుగాటి ఇరుకు గది ఉంది, అదే బావ లాబ్. డాక్టరుగారు ముందు గదిలో నోటి అచ్చు తీసి వెనక్కి పంపిస్తారు. బావ అందులో ప్లాస్టర్ పోసి దవడ చేస్తాడు, దాని మీద మైనంలో పళ్ళు పేరుస్తాడు, గులాబీరంగు చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి సెట్టుగా అప్పగిస్తాడు. గోడ అరల నిండా దవడలే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఊళ్ళో వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నట్టు అనిపించి, మెడ తిప్పకుండా బయటికొచ్చేశాను. ఇప్పుడు అలవాటైపోయింది. అక్కడే కూర్చుని బిస్కెట్లు తింటాను.

కొత్త సెట్టు పెట్టుకున్నవాళ్ళు కొన్నాళ్ళకి తప్పకుండా తిరిగొస్తారు. మాట తడబడుతోందనీ, చెంప కొరుక్కుంటున్నామనీ, ఎవరివో పళ్ళు నోట్లో పెట్టుకున్నట్టు ఉందనీ మొర పెట్టుకుంటారు. బావ సెట్టును వెలుతురులో తిరగేసి చూస్తాడు. ఒరుసుకునే చోటుంటే ఇంత అరగదీస్తాడు. లేకపోతే ఒకటే పాఠం. పళ్ళు నేను చెయ్యగలను, నోటికి నేర్పుకోవాల్సింది మాత్రం మీరే, అంతవరకూ పాతవి మళ్ళీ ముట్టుకోకండి, పెట్టుకున్నారా మొదటికొస్తుంది. వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది. ఒకసారి మా ఆవిడ కొత్త చెప్పులు కరుస్తున్నాయంటే ఇదే పాఠం అప్పజెప్పాను. ఆమె చెప్పులు చేతిలోకి తీసుకునేసరికి పాఠం ఆపేశాను.

సాయంత్రాలు బావ ఇంకో మనిషి. మాకొక చిన్న పాటల బృందం ఉంది. బావ గిటార్, మా అక్క పాట. డ్రమ్ములకి ఒక లారీ మెకానిక్. కీబోర్డు వాయించేదీ, బృందాన్ని నడిపేదీ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయన్ని లెక్కలాయన అంటాం, ఆయన బావని పళ్ళమాస్టారు అంటారు. నాకు ఏదీ వాయించడం రాదు కాబట్టి పాటకీ పాటకీ మధ్య మైకు పట్టుకుని మాట్లాడతాను.

బావ గిటార్ ఎర్రది, ఎలక్ట్రిక్‌ది, ఇల్లు మారుతున్న ఎవరో వదిలించుకుంటుంటే కొన్నది. దాని పొట్ట మీద తీగలు వచ్చి ఆనే ఇనప పలక ఉంటుంది చూశారూ, దాన్నే బ్రిడ్జి అంటారు. ఆ పలక మీద ఒక్కో తీగకీ ఒక్కో చిన్న ముక్క. ముక్క ఎత్తు సరిచెయ్యడానికి సన్నటి స్క్రూలు. మంచి గిటార్లలో ఆ స్క్రూలు లోపలికి దాగి ఉంటాయట. బావ గిటార్‌లో మాత్రం అవి జెర్రి కాళ్ళలా పైకి పొడుచుకుని ఉండేవి. తీగలు మరీ మోగిపోకుండా అరచేతి అంచుని వాటి మీద ఆనించి వాయించాలి. ఆనించిన ప్రతిసారీ గీరుకునేది. బ్యాండేజీ సంగతి అదీ.

మా అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మొగుడి చెయ్యి చూడలేక, పాత కోటు భుజంలోంచి మెత్త ఊడదీసి, గుడ్డ చుట్టి, అరచేతికి తగిలించుకునేలా ఒక దిండు కుట్టింది. ఒక ఫంక్షన్లో హుషారు పాట మధ్యలో ఆ దిండు ఊడి, వేదిక దిగి, డాన్స్ చేస్తున్నవాళ్ళ కాళ్ళ మధ్యకి వెళ్ళిపోయింది. గుండ్రంగా, మెత్తగా, లేతరంగులో ఉన్న ఆ వస్తువుని ఒక పెద్దావిడ తీసి, అటూ ఇటూ చూసి, కొంగు చాటున దాచి తెచ్చి, పాట అవ్వగానే మా అక్క చేతిలో పెట్టి, ఫరవాలేదమ్మా ఎవరూ చూళ్ళేదులే అని చెవిలో చెప్పింది. అక్క ఆ రాత్రే దిండుకి నల్ల గుడ్డ తొడిగింది.

ఇలా నొప్పిని మోస్తూనే బావ ఏళ్ళ తరబడి వాయించాడు. దాని వల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది వచ్చింది లెక్కలాయన కొత్త కీబోర్డు కొన్నాక.

ఆ బ్రిడ్జికి ఇంకో జబ్బుంది. చెమటకి తుప్పు పట్టి ముక్కలన్నీ ఉన్నచోటే బిగుసుకుపోయాయి. దాంతో తీగల పొడవు కుదరడం మానేసింది. మెడ మొదట్లో వాయిస్తే స్వరం సరిగ్గానే పలికేది. పైకి, అంటే పొట్ట వైపుకి వెళ్ళేకొద్దీ కాస్త కాస్త దిగిపోయేది. పాత కీబోర్డు కూడా సొంత బుద్ధితో పలికేది కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు. కొత్తది వచ్చాక లెక్కలాయన ఒక సాధనని ఫోన్లో రికార్డు చేసి ఇంటికి పట్టుకెళ్ళి విన్నారు. మర్నాడు అందరికీ వినిపించారు. పై స్వరాలు వచ్చినప్పుడల్లా కీబోర్డు ఒక గీత మీదా, గిటార్ దాని కిందుగా ఇంకో గీత మీదా నడుస్తున్నాయి. మరీ ఎక్కువ కాదు. కానీ ఒకసారి విన్నాక ఇక వినకుండా ఉండలేం.

లెక్కలాయన ఎవర్నీ నొప్పించే మనిషి కాదు. అందుకే ఆయన మాటలు ఎక్కువ నొప్పిస్తాయి.

"మాస్టారూ, ఈ కీబోర్డులో గిటార్ బొత్తాం కూడా ఉందండి. నొక్కితే మీ గిటార్‌లాగే పలుకుతుంది. మీకూ వయసొస్తోంది, చెయ్యి నొప్పంటారు. డాక్టరుగారి ఆస్పత్రి వార్షికోత్సవం వస్తోందిగా, అది అయ్యాక ఆలోచిద్దాం."

బావ అలాగేనన్నాడు. పగలంతా ఎవరి నోట్లోకో వెళ్ళే వస్తువులు చేసి, వాళ్ళు నవ్వితే దూరం నుంచి చూసుకునే మనిషి. తన పేరు మీద తను చప్పుడు చేసేది ఆ ఒక్క గిటార్ మీదే. అది బొత్తాం అయిపోతుందంటే, ఆ తరవాత సాయంత్రాలు బావ ఏం చేస్తాడో నేను ఊహించలేకపోయాను.

మర్నాడు లాబ్‌కి వెళ్ళేసరికి గిటార్ బల్ల మీద తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉంది. బావ దాని బ్రిడ్జికి నోటి అచ్చు తీస్తున్నాడు. నోళ్ళకి వాడే గులాబీ ముద్దే. కొత్త బ్రిడ్జి కొనడానికట, దాన్ని బిగించే రంధ్రాల మధ్య దూరం తెలియాలి కదా. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చుగా అన్నాను. స్కేలుని చూసేది కళ్ళు, అవి పొరబడతాయి, అచ్చు అబద్ధం చెప్పదు అన్నాడు. ముద్ద గట్టిపడ్డాక తీసి, ప్లాస్టర్ పోసి, ఆరబెట్టి, చక్కగా ఒక తెల్లటి బ్రిడ్జి బొమ్మ తయారుచేశాడు.

దాన్ని రుమాల్లో చుట్టుకుని ఇద్దరం సంగీత వాయిద్యాల దుకాణానికి వెళ్ళాం. కౌంటర్లో కుర్చీ మీద ఉన్నాయన మూట విప్పి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఎవరిదండీ ఈ దవడ? పాపం ఆరే పళ్ళున్నాయి."

బావ ఓపిగ్గా విషయం చెప్పాడు. ఆయన లోపలికెళ్ళి వరసగా డబ్బాలు తెచ్చాడు. ఒక్కో బ్రిడ్జినీ ప్లాస్టర్ బొమ్మ మీద పెట్టి చూస్తూ పోతే, ఒకటి రంధ్రానికి రంధ్రం అతికింది. దాని ముక్కలు గుండ్రంగా, నునుపుగా ఉన్నాయి, స్క్రూలు లోపలికి దాగి ఉన్నాయి. బావ కళ్ళు మూసుకుని దాని మీద అరచేతి అంచు ఆనించాడు. చాలాసేపు తీయలేదు. కౌంటర్ ఆయన నా వైపు చూశాడు. నేను తలుపు వైపు చూశాను.

ఆదివారం ఆస్పత్రికి సెలవు. ఆ రోజు బిగింపు. తీగలు విప్పి, తుప్పు పట్టిన పాత స్క్రూలకి నూనె చుక్కలు వేసి, పళ్ళ సందులు గీకే సన్నటి పరికరంతో మట్టి తీసి, ఒక్కోటీ ఊడబెరికాడు. కొత్తది అదే రంధ్రాల్లో కూర్చుంది. కొత్త తీగలు వేశాడు. ఆ తరవాతదే అసలు పని. తీగని సరిగ్గా సగంలో, పన్నెండో మెట్టు మీద, ఊరికే తాకి మీటితే ఒక స్వరం వస్తుంది. అక్కడే నొక్కి మీటితే ఇంకోటి. రెండూ ఒకటే అవ్వాలి. నొక్కింది దిగితే ముక్కని మెడ వైపుకి జరపాలి, ఎక్కితే వెనక్కి. ఫోన్లో శ్రుతి చూపించే ముల్లు నిటారుగా నిలబడేదాకా జరుపుతూ, మళ్ళీ శ్రుతి చేస్తూ, మళ్ళీ చూస్తూ, ఒక్కో తీగకీ అదే తంతు. నేను బిస్కెట్ పాకెట్ పూర్తిచేశాను. చివరికి ఆరు తీగలకీ ముల్లు కదలకుండా నిలబడింది. బావ బ్యాండేజీ పీకి చెత్తబుట్టలో పడేశాడు.

ఆ వారం సాధనకి బావ ముందే వచ్చి కూర్చున్నాడు. పాట మొదలైంది. కింది స్వరాలు గాజుముక్కల్లా ఉన్నాయి. తరవాత గిటార్ పైకెక్కింది. మా అక్క పాడుతూ పాడుతూ ఆగిపోయింది. డ్రమ్ములు కాసేపు ఒంటరిగా నడిచి సిగ్గుపడి ఆగాయి.

ఇంతకుముందు స్వరం గీత కిందికి దిగేది. ఇప్పుడు గీత దాటి పైకి పోతోంది.

లెక్కలాయన కీబోర్డు మీది దుమ్ము తుడుచుకున్నారు. బావ అక్కడే ఫోన్ తీసి తీగలన్నీ మళ్ళీ చూశాడు. ముల్లు నిటారుగా ఉంది. పాట వాయిస్తే తప్పు. ముల్లుకి చూపిస్తే ఒప్పు. పరీక్ష హాల్లో అన్నీ రాసి, బయటికొచ్చి తప్పు చెప్పే పిల్లాడిలా ఉంది ఆ గిటార్. ఆస్పత్రి ఫంక్షన్ నాటికి సరిచేస్తానని బావ గొణిగాడు. అక్కర్లేదు మాస్టారూ, పై స్వరాలు ఈసారికి నేను బొత్తాంతో లాగించేస్తాను అన్నారు లెక్కలాయన, ఎంతో దయగా.

ఇంట్లో మా అక్క మిషన్ పక్కన స్టూలు మీద బావని కూర్చోబెట్టి వాయించమంది. ఆమె వినడం లేదు, చూస్తోంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు పెట్టుకుని, మొహం అతని ఎడమచేతి దాకా తెచ్చింది.

"ఏమండీ, మీ వేలు లాగుతోంది."

"ఏ వేలు?"

"అన్నీ. నొక్కడం లేదు మీరు. నొక్కి, ఇంత పైకి లాగుతున్నారు. పైకెళ్ళేకొద్దీ ఇంకొంచెం."

బావ లేదన్నాడు. అక్క అతని వేలి మీద తన వేలు ఆనించింది. మళ్ళీ వాయించాడు. ఈసారి ఇద్దరికీ తెలిసింది. ఇన్నేళ్ళుగా పాత బ్రిడ్జి స్వరాన్ని దించేస్తుంటే, చెవి ఒప్పుకోక, వేలు తనకి తానుగా తీగని ఇంత లాగి పైకి తెచ్చుకోవడం నేర్చుకుంది. కొంత తెచ్చేది, అంతా తేలేకపోయేది. ఆ కాస్త లాగుడునే మేమందరం బావ శైలి అనుకున్నాం. ఆ గిటార్‌లో ఏదో ఆర్తి ఉంటుందండీ అని నేనే ఎన్నిసార్లు మైకులో చెప్పానో. ఆర్తి కాదు, తుప్పు. ముల్లు చూస్తూ ఒక్కో స్వరం మీటినప్పుడు వేలు ఒద్దికగా ఉండేది. పాటలో పడగానే పాత పనికి వెళ్ళిపోయేది.

వేలికి నచ్చజెప్పడం అంత తేలిక కాదు. ఆపాలని చూస్తే పాట ఆగిపోయేది. పాట మీద మనసు పెడితే వేలు లాగేది. అక్క రవికలకి గుండీలు కుట్టుకుంటూ, బావ వేలు జారినప్పుడల్లా తలెత్తకుండానే ‘ఊఁ’ అనేది. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఇంకో మాట వినపడలేదు.

ఫంక్షన్ రేపనగా లాబ్‌కి రమ్మని బావ ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి గిటార్ మళ్ళీ తువ్వాలు మీద ఉంది. పక్కన పళ్ళసెట్లు పెట్టి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా, అందులో పాత బ్రిడ్జి. బావ చేతిలో స్క్రూడ్రైవర్. కొత్త బ్రిడ్జి స్క్రూ ఒకటి అప్పటికే పైకి తేలింది.

ఈ ఒక్క ఫంక్షన్‌కీ పాతదే బిగిస్తాను అన్నాడు. దిగితే దిగింది, తెలిసిన తప్పు, మరీ అందరి ముందూ పరువు పోదు. గిటార్ ఒడిసి పట్టుకోమని నన్ను పిలిపించాడు. పట్టుకున్నాను.

అప్పుడే తలుపు తోసుకుని బస్సు డ్రైవరు పెద్దాయన వచ్చారు. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఈమధ్యనే కొత్త పళ్ళు చేయించుకున్నారు. జేబులోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. అచ్చం బ్రిడ్జి డబ్బాలాంటిదే.

"రేపు డాక్టరుగారి ఫంక్షన్‌కి నన్ను ముందు వరసలో కూర్చోమన్నారు నాయనా. భోజనాలున్నాయి, నవ్వాల్సి వస్తుంది. అందుకని రేపటికి పాతవే పెట్టుకొస్తాను. ఎల్లుండి నుంచి కొత్తవి. నీతో చెప్పి చేద్దామని వచ్చా."

బావ అలవాటు కొద్దీ నిటారుగా నిలబడ్డాడు. "అదేం మాటండీ? పాతవి తప్పుగా కొరుకుతున్నాయనే కదా కొత్తవి చేయించుకున్నారు. నోరు ఇప్పుడిప్పుడే దారికొస్తోంది. నలుగురి ముందు అని మళ్ళీ పాతవి పెట్టుకున్నారా..."

ఆగిపోయాడు. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది. నేను అరలోని దవడలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"మొదటికొస్తుంది," అని పెద్దాయనే పూర్తిచేశారు. "తెలుసయ్యా, అప్పుడే చెప్పావుగా. కానీ అందరి ముందూ చెంప కొరుక్కుంటే బావుంటుందా?"

బావ కాసేపు గిటార్ వైపు చూశాడు. తేలిన స్క్రూని నెమ్మదిగా మళ్ళీ లోపలికి బిగించాడు.

"సరేనండీ. మీరు కొత్తవే పెట్టుకు రండి. నేనూ కొత్తదే పెట్టుకొస్తాను."

పెద్దాయన ముందుకి వంగి బావ నోట్లోకి చూశారు. "నీవీ కట్టుడు పళ్ళేనా నాయనా? తెలియనే తెలియదే. భలే అతికాయి."

వెళ్తూ వెళ్తూ, ఇంట్లో ఉంటే మనసు పీకుతుందని తన పాత సెట్టు డబ్బా బావ దగ్గరే వదిలేశారు. బావ దాన్ని అరలో పెట్టి, దాని పక్కనే బ్రిడ్జి డబ్బానీ పెట్టాడు.

ఫంక్షన్ హాల్లో ముందు వరస నిండా డాక్టరుగారి పాత రోగులే. నేను మైకులో మొదటి జోకు వెయ్యగానే నవ్విన పళ్ళలో సగం బావ చేసినవే. ఆ వేదిక మీద నుంచి చూస్తే బావ జీవితంలో చేసిన పనంతా ఒక్కసారి మెరిసినట్టుంది. బావ మాత్రం అటు చూడలేదు. వేళ్ళు నలుపుకుంటున్నాడు.

మొదటి పాటల్లో కింది స్వరాలే, గొడవ లేకుండా గడిచాయి. తరవాతి పాట మధ్యలో గిటార్ ఒంటరిగా పైకెక్కాలి. ఆ చోటు దగ్గరపడుతుంటే లెక్కలాయన ఎడమచెయ్యి వెళ్ళి ఆ బొత్తాం మీద కూర్చోవడం నేను చూశాను. బావా చూశాడు.

ఇదివరకు బావ ఆ భాగాన్ని గడ్డం ఎత్తి, కళ్ళు మూసుకుని వాయించేవాడు. ఆ రోజు తల వంచి, నాలుక కొస పళ్ళ మధ్య బిగించి, మొదటిరోజు క్లాసుకి వచ్చినవాడిలా వేళ్ళ వంకే చూస్తూ వాయించాడు. సగం స్వరాలు వదిలేశాడు. మిగిలినవి ఒక్కోటీ నిదానంగా, తిన్నగా, ముల్లు నిలబడ్డట్టు నిలబెట్టాడు. ఆర్తి గీర్తి ఏమీ లేదు. కడిగి ఆరబెట్టిన గ్లాసుల్లా ఉన్నాయి. చివర్లో ఒక్క స్వరం దగ్గర వేలు జారి పైకి లాగింది.

"ఊఁ," అంది మా అక్క.

మైకు ఆమె మూతి ముందే ఉంది. ఆ ‘ఊఁ’ హాలంతా మోగింది. అక్క చెవులు ఎర్రబడ్డాయి. జనం మాత్రం అది పాటలోదే అనుకున్నారు. ముందు వరసలోంచి డ్రైవరు పెద్దాయన హుషారుగా ‘ఊఁ’ అని తిరిగి పలికారు. దాంతో వెనక వరసలూ అందుకున్నాయి. పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వారు. పళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. బావ వేలు ఆ నవ్వులో సర్దుకుని, తరవాతి స్వరాన్ని తిన్నగా పట్టుకుంది.

లెక్కలాయన బొత్తాం నొక్కలేదు. చెయ్యి మాత్రం పాట అయ్యేదాకా అక్కడే ఉంచారు, అది వేరే విషయం.

వైర్లు చుట్టుకునేటప్పుడు ఆయన బావ దగ్గరికొచ్చారు. "చివర్లో ఒకటి ఎక్కింది మాస్టారూ."

"తెలుసండి."

"ఇదివరకు అన్నీ దిగేవి. ఒకటంటే సర్దుకోవచ్చు. బుధవారం సాధనకి గిటార్ తెచ్చుకోండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఆ ‘ఊఁ’ కూడా ఉంచుదాం. జనానికి నచ్చింది."

మా అక్క ఆ రాత్రి అన్నం వడ్డించేటప్పుడు గిన్నెలన్నీ గట్టిగా మోగించింది. ఇప్పుడు ఆ పాట ఎక్కడ పాడినా ఆ చోట ‘ఊఁ’ అనక తప్పదు. వేలు జారినా జారకపోయినా.

బావ ఆ పాటలో వదిలేసిన స్వరాలు ఒక్కోటీ మళ్ళీ వచ్చి చేరుతున్నాయి. కళ్ళు మూసుకుని వాయించే రోజు ఇంకా రాలేదు. అరచేతి అంచున బ్యాండేజీ ఉన్న చోట చర్మం ఇంకా కాస్త తెల్లగా ఉంటుంది. నల్ల గుడ్డ తొడిగిన దిండు మా అక్క మిషన్ మీద సూదులు గుచ్చుకోవడానికి పనికొస్తోంది.

ఫంక్షన్ అయిన కొన్నాళ్ళకి డ్రైవరు పెద్దాయనకి నిబ్బరం సడలింది. లాబ్‌కి వచ్చి, ఒక్క పూటకి పాతవి ఇమ్మని బతిమాలారట. బావ మారు మాట్లాడకుండా అరలోంచి డబ్బా తీసి ఇచ్చాడు. నేను వెళ్ళేసరికి పెద్దాయన తిరిగొచ్చి ఆ డబ్బాని బల్ల మీద పెడుతున్నారు. మూత తీసి ఉంది, లోపల తుప్పు పట్టిన బ్రిడ్జి, పైకి పొడుచుకున్న స్క్రూలతో.

"ఇవి మరీ గట్టిగా ఉన్నాయి నాయనా," అన్నారు. "వీటికంటే కొత్తవే నయం."

డబ్బాలు తారుమారయ్యాయి, పొరపాటు అన్నాడు బావ. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలోకి చూశాను కానీ, అతను అప్పటికే ఎవరి దవడనో వెలుతురులో తిరగేస్తున్నాడు.